ఖాళీ కుర్చీ సిఫారసు చేసిన లోహం

కుళాయిల్లో ఉప్పునీళ్ళు మొదలైన నాలుగో రోజుకి కొత్తమొగ ఊళ్ళో హోటళ్ళవాళ్ళు సాంబారులో ఉప్పు వెయ్యడం మానేశారు. ఐదో రోజుకి టీ కొట్లు మూతపడ్డాయి. ఆరో రోజు బుధవారం. పొద్దున్న తొమ్మిదింటికల్లా నాలుగొందల మంది ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో వచ్చి సాగరజల మంచినీటి సంస్థ గేటు ముందు బైఠాయించారు.

"సముద్రం నీళ్ళే తాగాలంటే మాకు సముద్రం లేదేటి? దానికి గొట్టాలేసి, మెషిన్లెట్టి, ఇంటికి పంపాలేటి?" అని ఎండుచేపలమ్మే పోలమ్మ గేటు ఊచలు పట్టుకుని ఊపేస్తోంది.

ఆమెకు జవాబుగా సంస్థ అప్పటికే గేటుకి ఒక ప్రకటన అంటించింది. "కుళాయి నీటి రుచిలో గౌరవ వినియోగదారులు గమనించిన పరిణామం తాత్కాలిక లవణ సమృద్ధి మాత్రమేనని ఇందుమూలముగా తెలియజేయడమైనది" అని అందులో ఉంది. పోలమ్మకి చదువు రాదు. చదివి వినిపించినవాడు ఆమె తిట్టిన తిట్లకి మళ్ళీ ఆ ఛాయలకు రాలేదు.

ఆ సమయానికి లోపల ప్రయోగశాలలో కెమిస్టు చింతాడ పైడికుమారి ఒక గొట్టం ముక్కని చేతిలో పట్టుకుని కూర్చుని ఉంది. సంస్థలో మంచినీళ్ళు తయారయ్యే పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. సముద్రపు నీటిని మరిగించి ఆవిరి చేస్తారు. చల్లటి సముద్రపు నీళ్ళు పారే సన్నటి లోహపు గొట్టాల మీదుగా ఆ ఆవిరిని పంపిస్తారు. ఆవిరి చల్లబడి మంచినీరవుతుంది. గొట్టం గట్టిగా ఉన్నంతకాలం లోపలి ఉప్పునీళ్ళు లోపలే, బయటి మంచినీళ్ళు బయటే. ఆ గొట్టాలు పోయిన ఏడాదే కొత్తగా వేశారు. ఇప్పుడు ఆరువేల గొట్టాల్లో రెండువేలు చిల్లులు పడ్డాయి.

పైడికుమారి గొట్టాన్ని గోటితో నొక్కింది. అప్పడం ముక్కలా విరిగింది.

"మేడమ్," అంటూ అటెండరు తవిటయ్య గుమ్మంలో నిలబడ్డాడు. రిటైరుమెంటుకి పది నెలలున్న మనిషి. "సెక్రటరీ గారు మిమ్మల్ని బేగి రమ్మన్నారు."

"ఎందుకటా?"

"నాకు సెప్తారేటి? గానీ మేడమ్..." తవిటయ్య గొంతు తగ్గించాడు. "ఆయన నవ్వుతన్నారు."

పైడికుమారి లేచింది. సంస్థలో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. కార్యదర్శి గారు నవ్వడం ఆమె రెండేసార్లు చూసింది. రెండుసార్లూ సాయంత్రానికి ఎవరో ఒకరు సస్పెండయ్యారు.

ఆవరణ దాటి వెళ్ళేటప్పుడు కొత్త యూనిట్ ముందున్న ప్రారంభోత్సవ ఫలకం కనబడింది. గొట్టాలు చేసిన లోహంతోనే అక్షరాలు పోతపోయించి, నల్లరాతి మీద బిగించారు. "సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ శ్రీ రాయవరపు చక్రపాణి గారి అమృత హస్తములచే" అని జానెడేసి అక్షరాలు. బిగించిన రోజున వాటి మెరుపుకి ఫొటోగ్రాఫరు కళ్ళు మూసుకున్నాడు. సముద్రపు గాలికి ఇప్పుడవి పాచిపట్టినట్టు పచ్చబడ్డాయి. సంస్థ మొత్తంలో మనిషి పేరు రాసి ఉన్న చోటు అదొక్కటే.

దానికో కారణం ఉంది. పదిహేడో నంబరు సర్క్యులర్. "అధికారులు వచ్చుచుందురు, పోవుచుందురు. సీటు శాశ్వతము. కావున రికార్డులలో ఎవరి పేరూ రాయరాదు. సీటు పేరే రాయవలెను." ముప్ఫై ఏళ్ళుగా అదే వేదం. ఇక్కడ మనుషులు మాట్లాడరు, సీట్లు మాట్లాడతాయి. తప్పులు కూడా సీట్లే చేస్తాయి. తప్పు బయటపడేనాటికి సీట్లో ఇంకొకరుంటారు కాబట్టి ఎవరికీ ఏ బాధా ఉండదు.

కార్యదర్శి గారు నిజంగానే నవ్వుతున్నారు.

"రండి రండి, కూర్చోండి. స్వీటు తెప్పించమంటారా?" అంటూ ఒక కాగితం ముందుకు తోశారు. "పదకొండేళ్ళుగా మీరు పెట్టుకుంటున్న అర్జీని యాజమాన్యం సానుభూతితో పరిశీలించినది. మిమ్మల్ని లోహ సలహాదారుగా నియమించడమైనది. శుభాకాంక్షలు."

పైడికుమారి కాగితం అందుకుంది. లోహ సలహాదారు! పదకొండేళ్ళు. సంస్థలో ఉన్నవాళ్ళకి బయటి అనుభవం లేదని ఇవ్వలేదు. బయటివాళ్ళకి సంస్థ అనుభవం లేదని ఇవ్వలేదు. మొదటి మూడు వాక్యాలు చదివేంతసేపు ఆమె సంతోషంగానే ఉంది.

నాలుగో వాక్యంలో తేదీ ఉంది.

"ఇది... పోయిన ఏడాది జూలై పద్నాలుగు నుంచి అని ఉందండీ."

"వెనుకటి తేదీ నుంచి వర్తింపు. మీ సేవలను అంత వెనక నుంచి గుర్తించడం యాజమాన్యం ఔదార్యం."

"జూలై పద్నాలుగంటే గొట్టాల కమిటీ కూర్చున్న రోజు కదండీ?"

"అలాగా? యాదృచ్ఛికం." కార్యదర్శి గారు తన నున్నటి బట్టతల మీద చెయ్యి వేసుకున్నారు. "మధ్యాహ్నం రెండింటికి రాజధాని నుంచి విచారణాధికారి వస్తున్నారు. ఐదూ నలభై రైలుకి వెళ్ళిపోతారు. ఈలోగా దోషి తేలాలి. మినిట్స్ ప్రకారం ఆ లోహాన్ని సిఫారసు చేసినది లోహ సలహాదారు సీటు. పదకొండేళ్ళుగా ఆ సీటు ఖాళీ. మన పద్ధతిలో అయితే 'సీటుదే తప్పు' అని ముగించేవాళ్ళం. కానీ ఆయన తెచ్చే ఫారంలో ఏడో గడి ఉంది. దోషి పేరు, తండ్రి పేరు. సీటుకి తండ్రి పేరు ఎక్కడ నుంచి తెస్తాం చెప్పండి?"

ఆయన జేబులో ఒక కవరు అంచు కనబడుతోంది. సస్పెన్షన్ ఉత్తర్వు. టైపు చేసి, పేరు ఒక్కటే ఖాళీ వదిలి, ఎప్పుడూ ఆయన జేబులో సిద్ధంగా ఉంటుంది. సస్పెండయిన మూడు రోజుల్లో క్వార్టరు ఖాళీ చెయ్యాలి. పైడికుమారి గొట్టం ముక్క ఇంకా చేతిలోనే ఉందని అప్పుడు గమనించింది.

"నేను ఒప్పుకోకపోతే?"

"పదోన్నతిని తిరస్కరించుట క్రమశిక్షణా రాహిత్యం. దానికీ ఇదే కవరు."

ఇక్కడ ఆ కుర్చీ సంగతి కాస్త చెప్పాలి.

సమావేశ మందిరంలో పొడుగాటి బల్ల చుట్టూ తొమ్మిది కుర్చీలు. ప్రతి కుర్చీకీ వీపు మీద తెల్లటి తువ్వాలు, ముందు పేరు లేని హోదా పలక. ఆరో కుర్చీ లోహ సలహాదారుది. మొదట్లో "లోహ సలహాదారు సీటు ఖాళీగా ఉన్నది" అని మినిట్స్‌లో రాసేవారు. తర్వాత "లోహ సలహాదారు అభ్యంతరం చెప్పలేదు" అని రాయడం మొదలుపెట్టారు. అబద్ధం కాదు గదా. ఆ తర్వాత "లోహ సలహాదారు మౌనంగా అంగీకరించారు" అయింది. ఎవరూ ధైర్యం చెయ్యని నిర్ణయాలన్నీ ఆ కుర్చీ చేసేది. ఏటా దానికి రహస్య నివేదిక కూడా రాసేవారు. "మితభాషి. అందరితో సఖ్యత. సెలవు పెట్టలేదు." రెండేళ్ళు వరసగా ఉత్తమ అధికారి పురస్కారం ఆ కుర్చీకే వచ్చింది. శాలువా దాని చేతుల మీదే కప్పారు.

ఇప్పుడు ఆ కుర్చీ చేసిన పాపానికి పైడికుమారిని దాని ఒళ్ళో కూర్చోబెడుతున్నారు.

ఆమె లేచింది. ఉన్నట్టుండి ఒక సంగతి తట్టింది.

"ఒప్పుకుంటానండీ. అయితే నియమం ప్రకారం ఛార్జి తీసుకోవాలి కదా. సీటుకి సంబంధించిన సామానంతా జాబితా రాసి, ఇచ్చినవారూ పుచ్చుకున్నవారూ సంతకాలు చేస్తే గానీ నియామకం చెల్లదు."

నియమం అనే మాట వినగానే కార్యదర్శి గారి ముఖం దీపంలా వెలిగింది. "అక్షరాలా నిజం! పదండి."

*

మందిరంలో ఎవరూ లేరు. కార్యదర్శి గారు స్వయంగా జాబితా రాయడం మొదలుపెట్టారు. తవిటయ్య ఒక్కో వస్తువూ చూపిస్తున్నాడు.

"కుర్చీ, ఒకటి. హోదా పలక, ఒకటి. వచ్చిన కాగితాల పళ్ళెం, ఒకటి. పళ్ళెంలో..." కార్యదర్శి గారు వంగి చూశారు. "మూసిన కవరు, ఒకటి. ఇదేమిటి?"

పైడికుమారి దాన్ని గుర్తుపట్టింది. కవరు మీద దస్తూరీ తనదే. పోయిన ఏడాది జూలై ఏడున తను పంపిన పరీక్షా నివేదిక. రూలు ప్రకారం లోహాల నివేదికలు లోహ సలహాదారుకే పంపాలి. పంపింది. అది ఖాళీ కుర్చీ ముందు పళ్ళెంలో పడి ఏడాదిగా అలాగే ఉంది. ఎవరూ విప్పలేదు.

ఆమె కవరు చింపి చదివింది. "మూడు నమూనాల పేర్లలోనూ నికెల్ అన్న మాట ఉన్నా లోహాలు వేరు. మొదటిది తొంభై పాళ్ళు రాగి, పది నికెల్. మామూలు సముద్రపు నీటికి చాలు. రెండోది డెబ్బై, ముప్ఫై. మన మొగలో, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, ఇసుక కలిసిన నీళ్ళు జోరుగా పారతాయి కనక ఇదే తీసుకోవాలి. మూడోది నికెల్ సిల్వర్. ఇందులో సిల్వర్ వీసమెత్తు లేదు. రాగి, నికెల్‌తో పాటు జింకు ఉంది. చెంచాలకీ, పళ్ళేలకీ, బ్యాండుమేళం బూరలకీ బావుంటుంది. వేడి ఉప్పునీళ్ళలో వేస్తే జింకు కరిగిపోయి గొట్టం గుల్లబారుతుంది. వద్దు."

పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో తను రాసిన అన్నింటికన్నా మంచి నివేదిక. చదివి ఆమె తలెత్తేసరికి కార్యదర్శి గారు మళ్ళీ నవ్వుతున్నారు.

"అంటే, కెమిస్టు హోదాలో మీరు వద్దని స్పష్టంగా హెచ్చరించారు. లోహ సలహాదారు హోదాలో ఆ హెచ్చరికని మీరు విప్పి కూడా చూడలేదు. కేసు ఇంత బలంగా ఉంటుందని నేను అనుకోలేదు సుమండీ!"

పైడికుమారి నివేదిక మడిచింది. తన కాగితమే తన మెడకి చుట్టుకుంది. కూర్చుందామని కుర్చీ వెనక్కి లాగింది. అప్పుడు కనబడింది.

తువ్వాలు మీద, తల ఆనే చోట, అరచెయ్యంత నల్లటి మరక.

ఆమె కార్యదర్శి గారి వైపు చూడకుండా, "తువ్వాలు రాశారా అండీ?" అంది.

"తువ్వాలు, ఒకటి."

"మరక ఉందండీ. రాయకపోతే రేపు ఆడిట్‌లో అప్పగించినవాళ్ళనే అడుగుతారు."

అప్పగిస్తున్నది ఆయనే. కార్యదర్శి గారు చటుక్కున దగ్గరికి వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, కొలిచి మరీ రాశారు. "తువ్వాలు, ఒకటి. తల ఆనే చోట నాలుగంగుళాల నల్లమరక. పాతది." సంతకం చేశారు. తేదీ వేశారు. ముద్ర కొట్టారు.

ఆయన ఫోను మాట్లాడడానికి వరండాలోకి వెళ్ళగానే పైడికుమారి తవిటయ్యని పట్టుకుంది.

"తవిటయ్యా, ఈ తువ్వాళ్ళు ఎప్పుడు మార్చారు?"

"పోయినేడు జూలై ఒకటోతేదీ. అన్నీ కొత్తయి ఏసినాను. మిగతాయి వారం వారం ఉతుకుతాను. ఈదానికి కుదర్లేదు మేడమ్. ఉతకాలంటే ఆ సీటాయన సంతకం కావాలి. ఆయన లేడు గదా!"

"అయితే ఈ కుర్చీలో ఎవరు కూర్చున్నారు? నువ్వా?"

"ఓలమ్మో! నానా?" తవిటయ్య రెండు చెవులూ పట్టుకున్నాడు. "మేడమ్, మీకాడ దాపరికమేటి. మీటింగయినప్పుడల్లా తొమ్మిది టీలు వొస్తాయి. సీటుకో టీ, రెండు బిస్కత్తులు. ఈ సీటు టీ పదకొండేళ్ళ నుంచీ నానే తాగుతన్నాను. నుంచోనే తాగుతాను. కూకోను."

"ఎప్పుడూ నువ్వేనా?"

తవిటయ్య ముఖం ముడుచుకుంది. పాత గాయం రేగినట్టు అన్నాడు. "ఒక్క రోజు తప్ప. ఆ గొట్టాల మీటింగు రోజు నా టీ తాగీసినారు. బిస్కత్తులు కూడా. నాకు ఇప్పటికీ మనసులోనే ఉన్నాది."

"ఎవరు తాగారు?"

తవిటయ్య తల పైకెత్తి కప్పు వంక చూపించాడు. అక్కడ ఏసీ డబ్బా ఉంది, సరిగ్గా మేనేజింగ్ డైరెక్టర్ గారి మొదటి కుర్చీ నెత్తి మీద.

"ఆవేళ ఈ ఏసీ కారిపోనాది మేడమ్. బొట్టు బొట్టు కాదు, ధార. పెద్దాయన సీటు తడిసిపోనాది. నానే బకెట్టు తెచ్చి ఆ సీట్లో ఎట్టినాను. పెద్దాయన లేచి ఖాళీగున్న సీటేదా అని సూసి..."

అతను ఆరో కుర్చీ వైపు గడ్డం ఊపాడు.

"ఈ మాట విచారణలో చెప్తావా?"

"అటెండర్లు మీటింగులో మాటాడకూడదని రూలున్నాది గదా మేడమ్. పది నెలల్లో పింఛను. నాను సెప్తే ఎవలు నమ్ముతారు?"

నిజమే. తవిటయ్య మాట్లాడకూడదు. కానీ తువ్వాలు మాట్లాడకూడదని ఏ సర్క్యులర్‌లోనూ లేదు. పైడికుమారి దాన్ని మడతపెట్టి ప్రయోగశాలకి పట్టుకెళ్ళింది. అది ఇప్పుడు తన తువ్వాలే. రసీదు ఉంది.

*

రెండింటికి విచారణాధికారి వచ్చారు. సన్నగా, పొడుగ్గా, చేతిలో ఫారం, చూపు గోడ గడియారం మీద. మేనేజింగ్ డైరెక్టర్ గారు ఎదురెళ్ళి పూలగుత్తి ఇచ్చారు. ఎండీ గారికి యాభై తొమ్మిదేళ్ళు. జుట్టు మాత్రం కాటుక కన్నా నలుపు. మెరుపంటే ఆయనకి ప్రాణం. ఆయన వచ్చాక సంస్థలో పంపులకి రంగులు, మెట్లకి పాలిష్, తోటలో రాళ్ళకి వార్నిష్ పడ్డాయి.

"సార్, మా సంస్థ పారదర్శకతకి ప్రతీక," అన్నారు ఎండీ గారు. "గేటు బయట ప్రజలు ఆవేదనలో ఉన్నారు. అందుచేత ఈ విచారణని మైకులో పెట్టి, గేటు దగ్గర రెండు లౌడ్‌స్పీకర్లు కట్టించాను. దోషి పేరు ప్రజలే చెవులారా వినాలి. విన్నాక శాంతించి ఇళ్ళకి వెళ్తారు."

పైడికుమారిని ఆరో కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె ముందు మైకు. పదకొండేళ్ళ కల నిజమైంది, సాయంత్రం ఐదూ నలభై దాకా.

కార్యదర్శి గారు లేచి జూలై పద్నాలుగు మినిట్స్ చదివారు. "లోహ సలహాదారు నలభై నిమిషాలు ప్రసంగించినారు. వారి మాటలు: 'మూడు నమూనాల పేర్లలోనూ నికెల్ ఉన్నది. కాబట్టి ముగ్గురూ అన్నదమ్ములు. ఒకడు ఎర్రగా ఉన్నాడు, ఒకడు బూడిదరంగులో ఉన్నాడు, ఒకడు వెండిలా మెరుస్తున్నాడు. పిల్లనిచ్చేవాడు అన్నదమ్ముల్లో అందగాణ్ణి ఎంచుకోడా? మెరిసేది తీసుకోండి. ఫలకానికి అక్షరాలు కూడా దానితోనే చేయించండి.' సభ్యులు కరతాళ ధ్వనులు చేసినారు. మేనేజింగ్ డైరెక్టర్ సీటు సమావేశమంతా మౌనము వహించినది."

"బావుంది," అన్నారు విచారణాధికారి కలం తీసి. "ఆ సీటు అప్పుడు ఎవరిది?"

"ఉత్తర్వు ప్రకారం చింతాడ పైడికుమారి గారిది."

"తండ్రి పేరు?"

లౌడ్‌స్పీకర్లలో ఈ మాట గేటు దాకా వెళ్ళింది. బయట కలకలం మొదలైంది. "ఎవులే ఆ పైడికుమారి?" అని పోలమ్మ కేక కిటికీలోంచి లోపలికి వినబడింది.

పైడికుమారి మైకు దగ్గరికి జరిగింది. గ్లాసు అందుకోబోయి ఆగింది. గ్లాసులో నీళ్ళున్నాయి గానీ అవి కుళాయి నీళ్ళు.

"అయ్యా, ఉత్తర్వు నాకు శిరోధార్యం. ఆ రోజు నుంచి ఈ సీటు నాదే. ఛార్జి జాబితా కూడా ఉంది. అందుకే నేనొక ఫిర్యాదు చేస్తున్నాను. జూలై పద్నాలుగున నేను ప్రయోగశాలలో ఉన్నాను, అక్కడి హాజరు పుస్తకంలో నా సంతకాలున్నాయి. నేను లేనప్పుడు నా అనుమతి లేకుండా నా కుర్చీలో ఎవరో కూర్చున్నారు. నా టీ తాగారు. నా బిస్కట్లు తిన్నారు. నా నోటితో నలభై నిమిషాలు మాట్లాడారు."

విచారణాధికారి మొదటిసారి గడియారం మీంచి చూపు తిప్పారు. "ఆధారం?"

పైడికుమారి తువ్వాలు విప్పి బల్ల మీద పరిచింది. పక్కన జాబితా పెట్టింది. "కార్యదర్శి గారు కొలిచి, రాసి, ముద్ర వేసి ఇచ్చిన నల్లమరక. కొత్త తువ్వాలు జూలై ఒకటిన వేశారు. తర్వాత ఉతకలేదు. మరకని పరీక్ష చేశాను. తలకి వేసుకునే నల్లరంగు."

మందిరంలో తొమ్మిది తలలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. కార్యదర్శి గారిది నున్నటి గుండు. చీఫ్ ఇంజనీరు గారిది ముగ్గుబుట్ట. మిగిలినవాళ్ళలో ఇద్దరికి నెరిసింది, ముగ్గురికి ఊడింది. పైడికుమారి తల నిండా తెల్లవెంట్రుకలు, ఈ ఒక్క పూటలోనే నాలుగు పెరిగాయి. అన్ని కళ్ళూ తిరిగి తిరిగి మొదటి కుర్చీ దగ్గర ఆగాయి. ఆ తల కింద మెడ మీదుగా ఒక సన్నటి నల్లటి చెమట చార దిగుతోంది.

"ఇది అసంబద్ధం!" ఎండీ గారు బల్ల గుద్దారు. "ఆ రోజు నేను నా సీట్లోనే ఉన్నాను. మౌనంగా ఉన్నాను. మినిట్స్ చూడండి!"

"కార్యదర్శి గారూ," అంది పైడికుమారి, "మినిట్స్ రాసింది మీరే. ఆ రోజు ఎండీ గారి సీట్లో ఏముంది?"

కార్యదర్శి గారు ముప్ఫై ఏళ్ళలో ఒక్క నియమం తప్పని మనిషి. విచారణలో అబద్ధం ఆడరాదని కూడా ఒక నియమం ఉంది. ఆయన ఎండీ గారి వైపు చూశారు, విచారణాధికారి వైపు చూశారు, కప్పు వైపు చూశారు.

"నియమం ప్రకారం సీటు..."

"సీటు సంగతి కాదండీ. సీట్లో ఏముంది?"

"బకెట్టు," అన్నారు కార్యదర్శి గారు.

మైకు చాలా మంచిది. ఆ మాట లౌడ్‌స్పీకర్లలో ఖంగుమంది. తర్వాత గేటు దగ్గర నాలుగొందల మంది ఒక్కసారిగా నవ్విన నవ్వుకి కిటికీ అద్దాలు అదిరాయి. ఎవరో బిందె మీద దరువు కూడా అందుకున్నారు. గోడవారగా నిలబడ్డ తవిటయ్య చేతిలో టీ పళ్ళెం గలగలలాడింది.

"మరి మీ పక్కన ఆరో సీట్లో కూర్చుని మాట్లాడిందెవరో మీరు చూశారు కదా?" విచారణాధికారి అడిగారు.

"చూశానండీ. కానీ సర్క్యులర్ పదిహేడు ప్రకారం పేరు చెప్పరాదు. సీటు మాట్లాడింది, నేను రాశాను."

"నా ఫారంలో ఏడో గడికి పేరు కావాలి! మీ సర్క్యులర్ పుట్టకముందు నుంచీ ఉన్న ఫారం ఇది. నాకు ఐదూ నలభైకి రైలుంది. ఎవరో ఒకరు చెప్పండి!"

చీఫ్ ఇంజనీరు గారు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేస్తున్నారు. ఎండీ గారు మెల్లగా, తేనె కలిపిన గొంతుతో అన్నారు. "పైడికుమారీ, ఆలోచించుకోమ్మా. సలహాదారు పదవి నీకు ఉంటుంది. విచారణలు వస్తాయి, పోతాయి. నేను ఇంకా ఏడాది ఉంటాను."

కార్యదర్శి గారి జేబులో కవరు తెల్లగా కనబడుతూనే ఉంది. ఉత్తర్వు మీద పేరు రాయవలసిన చోటు ఇంకా ఖాళీగా ఉందని ఆమెకి తెలుసు. ఇప్పుడు ఊరుకుంటే అక్కడ పడేది తన పేరే. మాట్లాడితే ఏడాది పాటు ఈ మనిషి కిందే పనిచెయ్యాలి. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. గేటు ఊచల అవతల బిందెలు. ఇవతల నల్లరాయి మీద జానెడేసి అక్షరాలు, పచ్చగా చిలుము పట్టి. ముప్ఫై ఏళ్ళ సంస్థలో పేరు రాసి ఉన్న ఒకే ఒక్క చోటు. అది రాయించుకున్నది ఆయనే.

"గట్టిగా చెప్పండి," అన్నారు విచారణాధికారి ఏడో గడి మీద కలం ఆనించి. "బయటివాళ్ళకి కూడా వినబడాలని మీ ఎండీ గారే అన్నారు."

పైడికుమారి మైకు దగ్గరికి లాక్కుంది.

"ఈ సీట్లో కూర్చుని నికెల్ సిల్వర్ తీసుకోమన్నది, ఈ ఊరికి ఉప్పునీళ్ళు తాగించింది, శ్రీ రాయవరపు చక్రపాణి గారు."